బీరువా కొనుగోలుదారుని తలుపు కొలతలు

సైబర్ నేరాల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత బీరువా అమ్మకంలో మమ్మల్ని మోసగించుటకు ప్రయత్నించిన వ్యక్తిని కనుగొని, శనివారం లోపుగా విడిపించవలసిందిగా అర్జీ.

1. మా తాతయ్య వడ్రంగి. ఇల్లు మారుతున్నందున, తన చేత్తో చేసిన టేకు బీరువాను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టమని నన్ను ఆదేశించారు. ప్రకటన భాష నాది. "మేకు ఒక్కటీ వాడలేదు" అన్న వాక్యం మాత్రం ఆయన పట్టుబట్టి చేర్పించినది.

2. మోసాల విషయమై నేను ముందుగానే చదివి, జాగ్రత్తల పట్టిక రాసి గోడకు అంటించియున్నాను. బేరమాడకుండా ఒప్పుకునేవారిని నమ్మరాదు. డబ్బు పుచ్చుకోవడానికి కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు. అవి ఇచ్చేవాళ్ళు చేసే పనులు. డబ్బు పడిందన్న మెసేజ్‌ని కాదు, బ్యాంకు ఖాతాను చూసి నమ్మాలి. తాతయ్య ఆ పట్టిక చదవలేదు. ఆయనకు ఒకటే నియమం: కొనేవాళ్ళ తలుపు కొలత తెలియనిదే చెక్క సామాను ఇవ్వరు. ఎప్పుడో ఆయన చేసిన మంచం ఒకటి ఎవరి మెట్ల మలుపులోనో ఇరుక్కుని మూడు రోజులు అక్కడే ఉండిపోయిందట.

3. మొదటి ముగ్గురు కొనుగోలుదారులు తలుపు వెడల్పు అడగ్గానే ఫోన్ పెట్టేసి మాయమయ్యారు. నా పట్టిక కంటే ఆ ప్రశ్నే పదునైనదని ఒప్పుకుంటున్నాను. నాలుగో ఆయన కూడా బేరమాడలేదు, కోడ్ పంపారు. కానీ తలుపు కొలిచి చెప్పారు. స్పీకరులో నేను విన్నది మార్పు లేకుండా సమర్పించుకుంటున్నాను.

"టేపు లేదండి. మూడు జానలుంది. తాతగారూ, ముందు స్కాన్ చేసెయ్యండి."

"చేస్తాలే బాబూ. గొళ్ళెం ఏ పక్కనుంది? లోపలికి పొడుచుకొస్తే పాలిష్ గీసుకుపోతుంది."

తలుపు దాకా నడిచిన అడుగుల చప్పుడు వినిపించింది.

"లోపల లేదండి. బయటుంది."

"మరి పడుకునేప్పుడు ఎలా వేసుకుంటావ్?"

"మేం వేసుకోమండి. వాళ్ళేస్తారు."

4. బీరువాకు ఎండ తగలరాదు గనుక తాతయ్య కిటికీ సంగతి అడిగారు. చెక్కలు కొట్టేశారని జవాబు. లోపలికి మేకుల తలలు కనిపిస్తున్నాయా, మొనలా అని అడిగారు. మొనలు. అనగా బయటి నుంచి కొట్టినవి. తాతయ్య ఫోన్ మీద చెయ్యి అడ్డంపెట్టి, "అది గది కాదే, పార్సిల్ పెట్టె" అన్నారు. అప్పటి నుంచి కొలతల వంకతో రోజుకొకటి అడుగుతున్నారు. గది పద్నాలుగు జానల వెడల్పు, పదిహేను జానల పొడవు, అందులో తొమ్మిదిమంది. రైలు వెళ్ళినప్పుడల్లా తలుపు అదురుతుంది. ఉద్యోగమని పిలిచి కూర్చోబెట్టారట. ఎవరినీ మోసగించని రోజు భోజనం లేదట. శనివారం వేరే చోటికి తరలిస్తారట. నేడు గురువారం.

5. నిన్న తమ కార్యాలయానికి రాగా, ముందు గదిలోని గుమాస్తా గారు ఎంత పోయిందని అడిగారు. ఏమీ పోలేదన్నాను. ఫిర్యాదు ఫారంలో పోయిన సొమ్ము రాసే ఏడో గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోదని, పోయాక రమ్మని మర్యాదగానే చెప్పారు. ఇంటికి వెళ్ళగానే తాతయ్య ఆ కోడ్ స్కాన్ చేశారు. నేను గోడ మీది పట్టిక చూపించి వద్దన్నాను. "గడి నిండాలి కదే" అని, అడిగిన మొత్తానికి బదులు పదకొండు రూపాయలు పంపారు. రసీదు, ఆ అబ్బాయి ఫోన్ నంబరు జతపరచడమైనవి. సదరు సొమ్ము తిరిగి ఇప్పించనక్కర్లేదు.

6. ఇటువంటి నంబర్లను వెంటనే మూయించడం తమ పద్ధతి అని విన్నాను. దీన్ని మూయించవద్దు. అది ఎక్కడ మోగుతోందో చూడండి. రైలు పట్టాల పక్కన, బయటి నుంచి చెక్కలు కొట్టిన కిటికీ. అంతకంటే మాకు తెలియదు.

7. బీరువా ఇంకా అమ్ముడుపోలేదు. నిన్న నిజమైన కొనుగోలుదారు ఒకావిడ వచ్చి, తలుపు ముప్పై ఆరు అంగుళాలని ఫోటోతో సహా చూపించినా, ఇంకొకరికి మాటిచ్చానని తాతయ్య పంపించేశారు. ఇల్లు మారే బండి ఆదివారం వస్తుంది.

ఏడో గడి నిండినది గనుక, ఈ కొలతలన్నీ నేడే చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
వడ్రంగి గారి మనవరాలు,
డిగ్రీ రెండో సంవత్సరం

తా.క.: తలుపు బద్దలు కొట్టే పని లేదని తాతయ్య మరీ మరీ రాయమన్నారు. గొళ్ళెం మనవైపే ఉంది.