కొత్త టైర్లు, పాత బ్రేకులు

నాన్నా, నేను క్షేమం.

తమ్ముడు గోడకు గుద్దిన నా పాత స్పోర్ట్స్ కారును మెకానిక్ ఇవాళ విప్పాడు. ముందు ఎడమ బ్రేకు తుప్పుతో బిగుసుకుపోయి అసలు పట్టడమే లేదు, షాకబ్జార్బర్లలో చుక్క నూనె లేదు. నేను మోజుపడి వేయించిన టైర్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి. "ముసలాయనకి కొత్త బూట్లు తొడిగి పరిగెత్తమన్నావా తల్లీ? ముందు బ్రేకులు చూసుకోవద్దూ?" అన్నాడు.

బ్రేకు తొక్కగానే బండే కుడికి లాగేసిందని తమ్ముడు మొత్తుకున్నా మనం నమ్మలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నేను నవ్వాను కూడా. ఇప్పుడు అన్నీ మార్పిస్తున్నాను, ఏం లాభం!

వాడి కాలి కట్టు ఎప్పుడు విప్పుతారు? అన్నం సరిగ్గా తింటున్నాడా? వాణ్ణి ఇంక తిట్టకండి, తప్పు నాది. దారిలో ఎవరైనా చదువుకోనీ అనే కవరు మాని కార్డు రాశాను. అమ్మకు నమస్కారాలు చెప్పి, వాడికి వినపడేలా దీన్ని పైకి చదవండి.

మీ పెద్దది