గుర్రం కాలు

షారోను తాతకు,

స్త్రీల కూడికకు మిర్యాలగూడ పోతున్నాను. పిల్ల లేవకముందే బస్సెక్కాలి, సాయంత్రానికల్లా వచ్చేస్తాను. పప్పు పొయ్యి మీద ఉంది, అన్నం మాత్రం మీరు వండుకోండి. బీపీ గోలీ మరవకండి.

క్రిస్మస్‌కు వచ్చిన బొమ్మలన్నీ ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా సంచిలోనే ఉంది, ఇల్లంతా వెతకకండి. కోడలు డ్యూటీ నుంచి వచ్చి అడిగితే అత్తమ్మ చేసిన పనని చెప్పండి. మేనమామలు, మేనత్త, మన కొడుకు, ఒకరిని చూసి ఒకరు తెచ్చారు. పదిహేడు బొమ్మలు! ఒకటి విప్పుతుంటేనే పిల్ల కళ్లు ఇంకోదాని మీద ఉన్నాయి. దాని తప్పేముంది?

ఒక్క మాట మాత్రం నా మనసులోంచి పోవడం లేదు. మీరు సూర్యాపేట నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన చెక్కగుర్రం కాలు నిన్న విరిగితే, అది ఏడవనే లేదు. "పోతే పోనీ నానమ్మా, ఇంకా మస్తున్నయ్ గదా" అంది. ఐదేళ్ల పిల్ల బొమ్మ విరిగితే ఏడవకపోతే ఎట్లా? మీరేమో "చిన్నపిల్ల, దానికేం ఎరుక" అని నవ్వారు. ఆ కాలు తీసి జేబులో వేసుకోవడం నేను చూశాను.

గుర్రాన్ని ఒక్కదాన్నే పెట్టెలో పెట్టకుండా బయట ఉంచాను, దాని కాలు అతికించండి. గుర్రాన్ని బీరువాలో నా చీరల వెనక పెట్టండి. మీ అంతట మీరు పిల్ల చేతికివ్వకండి.

తాళంచెవి కోసం ఏడిస్తే ఏడవనివ్వండి, కరిగిపోకండి. గుర్రమేదని ఏడిస్తే మాత్రం వెంటనే ఫోన్ చేయండి. ప్రార్థన మధ్యలో ఉన్నా ఎత్తుతాను.