నాలుగో దిండు

జూన్ 17

చెల్లికి సైన్స్ గ్రూపులో సీటు వచ్చింది. ఉంచుతారో లేదో తెలియదు.

ప్రిన్సిపాల్ మేడమ్ అమ్మనీ నన్నూ కూర్చోబెట్టి నిదానంగానే చెప్పారు. కళ్లు కనిపించని పిల్లకి ఆర్ట్స్ హాయి కదమ్మా, ఇక్కడ అన్నీ బొమ్మలూ గ్రాఫులే అన్నారు. నేను నోరు తెరిచేలోపే చెల్లి, బొమ్మ చూడకుండా చెబితే ఉంచుతారా మేడమ్ అని అడిగేసింది. ఆవిడ కాసేపు ఆలోచించారు. కెమిస్ట్రీలో అణువుల ఆకారాలని ఒక పాఠం ఉందట. మొత్తం బొమ్మలేనట. ఆగస్టులో బయటి కాలేజీ లెక్చరర్ వచ్చి నోటితో పరీక్ష పెడతారు. చెబితే సైన్స్. లేకపోతే ఆర్ట్స్, ఇక మాట లేదు.

బయటికొచ్చాక అమ్మ, దీన్ని ఒప్పించడం కంటే గోడని పక్కకి జరపడం తేలిక అంది. గోడ పక్కనే నిలబడి నవ్వుతోంది.

జూన్ 21

మిషన్ పని అయ్యాక పాఠం చదివి వినిపిస్తున్నాను. పదో క్లాసుతో ఆపేసి కుట్టుపనిలో పడినదాన్ని. అక్కా, నువ్వు అక్షరాలు చదువుతున్నావు, పాఠం చదవట్లేదు అంది చెల్లి. కోపం వచ్చింది. అన్నది నిజమే.

జూన్ 28

కెమిస్ట్రీ సారు ఇంటికి వచ్చారు. జేబు నిండా బెలూన్లు. రెండు ఊది మూతుల దగ్గర కలిపి ముడేశారు. ఎదురెదురుగా నిలబడ్డాయి. మూడు కడితే బల్ల మీద మూడు వైపులకీ పరుచుకున్నాయి. నాలుగు కట్టి చెల్లి చేతికిచ్చారు. ఇవి పడుకోవట్లేదు సార్, మూడు కాళ్ల మీద నిలబడి ఒకటి పైకెత్తాయి అంది. ఎటు తిప్పినా అంతే. అదే టెట్రాహెడ్రల్ అన్నారు సారు.

సంగతి ఇదట. అణువు మధ్యలో ఒక పరమాణువు. దాని చుట్టూ ఎలక్ట్రాన్లు జతలు జతలుగా ఉంటాయి. జతకీ జతకీ పడదు. ఎంత దూరం జరగ్గలిగితే అంత దూరం జరుగుతాయి. కొన్ని జతలు పక్క పరమాణువుని పట్టుకుని ఉంటాయి. కొన్ని ఎవరినీ పట్టుకోవు. వాటిని లోన్ పెయిర్ అంటారు. ఎవరినీ పట్టుకోకపోయినా చోటు తింటాయి. మిగతావాటికంటే ఎక్కువే తింటాయి.

ఇది నాకు వెంటనే అర్థమైంది. ఒకే మంచం మీద ముగ్గురం పడుకున్న రోజులున్నాయి.

జూన్ 29

తెల్లారేసరికి బెలూన్లన్నీ వాడిపోయాయి.

జులై 6

కుట్టేశాను. మిగిలిన నూలు గుడ్డ ముక్కలతో బుల్లి దిళ్లు, లోపల దూది. దిండుకీ దిండుకీ మధ్య నూట తొమ్మిదిన్నర డిగ్రీలు ఎలా వస్తాయని టేపు పట్టుకుని కూర్చుంటే, కొలవకమ్మా అన్నారు సారు. గట్టిగా కూరి, మెడలన్నీ ఒకేచోట కలిపి కుట్టు, కోణం దానంతటదే వస్తుంది అన్నారు. వచ్చింది.

లోన్ పెయిర్ వేలికి వేరుగా తెలియాలని వెల్వెట్‌తో చేశాను. కాస్త లావుగా కూరాను. మీథేన్‌కి నాలుగూ నూలు దిళ్లే. అమోనియాకి మూడు నూలు, ఒకటి వెల్వెట్. నీటికి రెండు నూలు, రెండు వెల్వెట్. చెల్లి తడిమీ తడమకముందే ఇది అమోనియా, ఇది నీరు అని చెప్పేస్తోంది.

తన యూనిఫాం కోసం ఆస్పత్రి నర్సమ్మ వచ్చింది. నా చొక్కాకి చేతులు అతికించడానికి తీరిక లేదు గానీ ఈ గుడ్డ వంకాయలు ఎవరి కోసం అంది. కూర వండమంటావా అన్నాను. చొక్కా రేపిస్తానని చెప్పి పంపాను.

ఆగస్టు 8

పరీక్ష అయింది.

దిళ్లు లోపలికి తేకూడదన్నారు. తలుపు దగ్గర స్టూలేసి నన్ను కూర్చోబెట్టారు, నోరు మెదపకూడదని చెప్పి. బయటి లెక్చరర్ పెద్దాయన, మెత్తగా మాట్లాడతారు. మీథేన్ అడిగారు. టెట్రాహెడ్రల్ అంది. కార్బన్ డయాక్సైడ్ అడిగారు. సరళరేఖ అంది. అమోనియా అడిగారు. చెల్లి రెండు చేతులూ గాల్లోకెత్తి, లేని దిళ్లు తడిమి, టెట్రాహెడ్రల్ అంది. నీరు కూడా టెట్రాహెడ్రలే అంది.

సారు తల దించుకున్నారు. తప్పు చెప్పిందని అప్పుడు తెలిసింది నాకు.

ఎందుకలా చెప్పావమ్మా అని పెద్దాయన అడిగారు. నాలుగున్నాయి కదా సార్, ఒకటి వెల్వెట్ అంది. వెల్వెట్ ఏమిటి అన్నారు మేడమ్. లోన్ పెయిర్ దిండు మేడమ్ అంది చెల్లి.

పిల్లలు మామూలుగా లోన్ పెయిర్‌ని మర్చిపోయి అమోనియాని పళ్లెంలా చదునుగా చెబుతారట. దాన్ని ఆకారంలో కలిపేసి లెక్కపెట్టిన పిల్లని ఇప్పుడే చూస్తున్నానన్నారు పెద్దాయన. ఆకారం పేరు పరమాణువులని బట్టే పెట్టాలట. లోన్ పెయిర్ నెడుతుంది, కానీ పేరులోకి రాదు. ఎలా తప్పినా తప్పు తప్పే కదండీ అన్నారు మేడమ్. పెద్దాయన ఇంకొక్క అవకాశం ఇమ్మన్నారు. రెండు వారాలు ఇచ్చారు. అదే ఆఖరు.

ఆ ముక్క పుస్తకంలో ఉంది. నేనే చదివాను, తను విన్నది. చేతిలో నాలుగు పెట్టి మూడే అనుకోమంటే ఎవరనుకుంటారు.

ఆగస్టు 9

దిళ్లని ఇద్దరం ముట్టుకోలేదు.

ఆగస్టు 11

పొద్దున్నే కత్తెర తీసుకుని అమోనియాకి వెల్వెట్ దిండు విప్పేశాను. పీడా పోయిందనుకున్నాను. మిగిలిన మూడూ చల్లగా పరుచుకుని చదునైపోయాయి. అచ్చం పళ్లెం. మళ్లీ తప్పే, ఈసారి అందరూ చేసే తప్పు.

చెల్లి తడిమి చూసి, ఎవరు విప్పమన్నారు నిన్ను, కుట్టు అని అరిచింది. కుట్టాను. వెల్వెట్‌ని ఎడమ గుప్పిట్లో బిగించి పట్టుకుని, మిగతా మూడింటినీ కుడిచేత్తో చూసింది. చాలాసేపు చూసింది. మూడు కాళ్ల పీటలా ఉందక్కా అంది. పుస్తకం తీసి చదివాను. పిరమిడ్ అని ఉంది. నీటికి రెండు వెల్వెట్లూ గుప్పిట్లో ఇరికించుకుంది. మిగిలిన రెండూ మోచెయ్యిలా వంగి ఉన్నాయి.

అరిచినందుకు సారీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆగస్టు 22

అమోనియా చెప్పింది. నీరు చెప్పింది. నేను లేవబోతున్నాను. మేడమ్ ఇంకొకటి అడగమన్నారు, కుట్టి నేర్పనిది.

పెద్దాయన క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ అన్నారు. ఐదు దిళ్ల అణువు మేం ఒక్కటీ కుట్టలేదు. ఐదైతే ఎలా నిలబడతాయో చదివాం, అంతే.

చెల్లి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. క్లోరిన్‌కి బయట ఏడు ఎలక్ట్రాన్లు. మూడు పంచుకోవడానికి పోతే నాలుగు మిగిలాయి, అంటే రెండు లోన్ పెయిర్లు. మొత్తం ఐదు జతలు. పైన ఒకటి, కింద ఒకటి, నడుము చుట్టూ మూడు అని గొణుక్కుంది. తర్వాత ఆగిపోయింది. లావువాటిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలట్లేదు. మేడమ్ గడియారం చూసుకున్నారు. చెల్లి చేతులు గాల్లో ఒకసారి పైకెళ్లాయి, దిగాయి, నడుము దగ్గర నిలిచాయి. లావువి నడుము దగ్గరే కూర్చుంటాయి సార్, అక్కడ ఇరుకు తక్కువ అంది. ఇక మిగిలిన మూడూ ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటాయి అంది.

ఒప్పో తప్పో నాకు తెలియదు. పెద్దాయన రాసుకున్నారు. సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మమ్మల్ని వెళ్లమన్నారు.

దారిలో చెల్లి, పుస్తకంలో ఉందేమో చూస్తావా అంది. ఇంటికెళ్లాక చూద్దాం అన్నాను. ఇంటికెళ్లాక తను అడగలేదు. నేను తీయలేదు.

ఆగస్టు 25

సారు సైకిల్ దిగకుండానే గుమ్మంలోంచి కేకేశారు. టీ ఒప్పేనట. ఉంచుకుంటారట. ల్యాబ్‌లోకి కూడా రానిస్తారట, పక్కన ఒక జతగత్తె ఉండాలట.

అమ్మ లోపలికెళ్లి చాలాసేపు గిన్నెలు కడిగింది. అవి కడిగిన గిన్నెలే.

సెప్టెంబర్ 19

మొదటి ల్యాబ్. చెల్లి కుడిచేతి రెండు వేళ్లకి మరక. సిల్వర్ నైట్రేట్ అట. సబ్బుకి పోలేదు. ఏ రంగు అని అడిగింది. గోధుమ రంగు, నల్లబడుతోంది అన్నాను. ఆ చేత్తో తినొద్దని స్పూను ఇచ్చాను.

స్పూనుని ఆ రెండు వేళ్లతోనే పట్టుకుని తింది.