జీపు దిగబడని చోటు

చిత్తడి నేలల గ్రాంటు అధికారి గారికి,

అయ్యా,

విషయం: మా జమ్ము మడుగు రక్షణ, పునరుద్ధరణ పథకానికి గ్రాంటు నిరాకరించిన సంగతి, సోమవారం లోపు మళ్లీ తనిఖీ చేయాలని కోరుతూ.

మా దరఖాస్తును తిరస్కరిస్తూ తమరు పంపిన ఉత్తరం అందింది. అందులో రెండే వాక్యాలు: "నేల గట్టిగా ఉంది. మొక్కలు లేవు." ఇంత పొదుపుగా, ఇంత తప్పుగా రాసిన వచనం నేను ఇంతవరకు చదవలేదు. నా అభ్యంతరాలు ఇవి.

1. తనిఖీకి ముందు తమ కార్యాలయం మాకొక సూచన పంపింది: "బృందం వాహనం నేరుగా స్థలానికి చేరేలా దారి ఏర్పాటు చేయవలెను." అధికారులు వస్తున్నారని మా వీధివాళ్లు వాకిలి ఊడ్చినట్టు మడుగునూ ఊడ్చారు. మూడు రోజులు ఒడ్డున చాపలల్లే జమ్ముగడ్డి కోసి, మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి జీపుకు దారి వేశాం. తమ తనిఖీదారు ఆ దారి మీదే దిగి, ఆ దారినే చూసి, ఆ దారి గురించే రాసుకుని వెళ్లారు. బూట్లకు తడి అంటకుండా మా మడుగు చూసిన మొదటి మనిషి ఆయనే.

2. అక్కడ జరిగిన సంభాషణ ఆయన నివేదికలో లేదు గనుక ఇక్కడ పొందుపరుస్తున్నాను. చేపలు పట్టే మా చిన్నమ్మ ఆయనతో, "అదిగో బాబూ, ఆ జమ్ము దాటి నాలుగడుగులేస్తే మొలలోతు నీళ్లు" అంది.

"అక్కడికి జీపు రాదు కదమ్మా?"

"ఎందుకొస్తుంది? దిగబడుతుంది."

"మరి జీపు పోని చోటు మేమెలా చూస్తాం?"

"కాళ్లు ఇంట్లో పెట్టొచ్చారా నాయనా?"

ఆయన నోటుబుక్కు మూసేశారు. చిన్నమ్మ నోరు దురుసని నాన్న ఇప్పటికీ అంటాడు. నేను అనను.

3. జమ్ము కోయమని అందరినీ తొందరపెట్టింది నేనే. సర్కారు కాగితం చదవగలిగినదాన్నని నా మాట విన్నారు. చాపలు అల్లే నాన్న కొడవలి పట్టుకుని, "ఇంకా లేతగా ఉందే, పాడైపోతుంది" అన్నాడు. "గ్రాంటు వస్తే పదింతలు నాటుదాం నాన్నా, పొల్లుపోకుండా వాళ్లు చెప్పినట్టే చేద్దాం" అన్నాను. చెప్పినట్టే చేశాం. ఈ నేరంలో సగం నాది. మిగతా సగం ఎవరిదో తమరు ఏ ఫైలూ తిరగేయకుండానే చెప్పగలరు.

4. తమ రెండు వాక్యాల పుణ్యమా అని మడుగు "నిరుపయోగ భూమి" అయింది. సోమవారం నుంచి గోదాముల కోసం పూడుస్తారట. ఇరవై ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ నీళ్ల వల్లే. పూడ్చాక తమరు తప్పు ఒప్పుకున్నా మాకు ఒరిగేదేమీ లేదు.

కాబట్టి సోమవారం లోపు తమరే రావాలి. నడిచి రావాలి. ఈ అర్జీని చిత్తగించారో లేదో రేపు పది గంటలకు తమ గది ముందు నిలబడి నేనే తెలుసుకుంటాను.

తమ విధేయురాలు అని రాయాలట, రాశాను.
చాపలవాళ్ల పెద్దమ్మాయి,
డిగ్రీ రెండో సంవత్సరం

తా.క.: కాగితం మడత పెడుతుండగా కబురొచ్చింది. సోమవారం దాకా ఆగలేదు, మట్టి లారీ ఇప్పుడే వచ్చింది. నాన్న, చిన్నమ్మ దాని ముందు కూర్చున్నారు. నేనూ అక్కడికే పోతున్నాను, రేపు రాలేను. ఇది అమ్మ చేత పంపుతున్నాను. ఆమెకు చదువు రాదు. జవాబు ఉత్తరంలో రాయకండి. ఆమె మొహం చూసి నోటితో చెప్పండి.