ఆకాశం లేని ఫ్రేము

ఖాజా,

ఎట్లున్నావని అడగడానికి లేదు. నువ్వు పోయి అయిదు నెలలైంది. మొన్న శుక్రవారం గుంతకల్లు పోయి నీ సమాధి చూసి వచ్చాను. మట్టి గట్టిపడింది.

ముందు నీకు కోపం తెప్పించే సంగతి చెప్పేస్తాను. నువ్వు పోయిన మూడో రోజు మనవాళ్ళు స్టేషన్ రోడ్డులో నీకు ఫ్లెక్సీ కట్టారు. నీ ఫోటో ఒక్కటీ దొరకలేదు. బతికినన్నాళ్ళూ కెమెరా వెనకే ఉంటివి, ఎట్లా దొరుకుతుంది? చివరికి షూటింగులో అందరం దిగిన దాంట్లోంచి నీ తల కత్తిరించి నట్టనడుమ పెట్టాడు ఆ షాపతను. నీ వెనకాల ఏం పెట్టాడో తెలుసా? ఆకాశం! నీలం ఆకాశం, తెల్ల మబ్బులు, రెండు పావురాలు. దాని కింద నిలబడి పిచ్చోడిలా నవ్వాను. తర్వాత అక్కడే ఏడ్చాను.

సినిమా మొత్తం ఆకాశం కనపడకుండా తీసినవాడివి కదా నువ్వు...

విడపనకల్లు నల్లరేగడిలో మన మొదటి రోజు గుర్తుందా? నీకు కెమెరామన్‌గా నా మొదటి రోజు కూడా అదే. కరువు సినిమా అన్నావని అందరూ పెట్టే ఫ్రేమే పెట్టాను. అడుగున గీత లాగ నేల, మీదంతా ఆకాశం, మధ్యలో చీమంత మనిషి. నువ్వు చూసి, కెమెరా మూతి కిందికి వంచేశావు. "ఈడోళ్ళు పైకి చూసి చూసి మెడలు పడిపోయి ఉండారప్పా. మళ్ళా మనమూ అదే చూపించేదా? వాన పడేదాకా నా ఫ్రేములో ఆకాశం ఉండకూడదు."

నిన్ను ఎంత తిట్టుకున్నానో నీకు తెలీదు. ఎద్దులబండి ఎక్కి కెమెరా కిందికి వంచుకోవాలి. వేపచెట్టును మొదలు దగ్గరే తెగ్గొట్టాలి. గుడిసె లోపల తీస్తే వాకిలికి గోనెపట్టా కట్టాలి. కొండ మీది గాలిమరలు సరేసరి, రెక్కలు కనపడకూడదు, వాటి నీడలు మాత్రం చేను మీద తిరుగుతూ పోవాలి!

ఒక సాయంత్రం, అప్పటిదాకా తీసిందంతా వేసి చూసుకున్నాం. కాసేపటికి నాకు ఊపిరాడలేదు. ఎవరైనా కెమెరా ఒక్క జానెడు పైకెత్తితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఆ మాటే నీతో అంటే నవ్వావు. "అదేనప్పా ఈడ బతకడమంటే."

ఆఖరి షాట్ ఒక్కటే మిగిలింది. వాన పడుతుంది, చేను గట్టున లింగమ్మవ్వ నిలబడి ఉంటుంది, తల పైకెత్తుతుంది. ఆమె వెంబడి కెమెరా లేస్తుంది. సినిమాలో మొదటిసారి ఆకాశం. నిజం సేద్యగత్తె ఆమె, నటన ఏం తెలుసు? నువ్వు లెన్స్ పక్కన గొంతుక్కూర్చుని "కానీమ్మా" అంటే తప్ప రెప్ప కూడా కదిపేది కాదు.

ట్యాంకరు తెప్పించి వాన కురిపిద్దామన్నాడు ప్రొడ్యూసర్. ఆ రోజు నీ ముఖం చూసి నాకే భయమేసింది. "ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకున్న ఊర్లో, ఆ నీళ్ళే పైకి చిమ్మి వాన అని చూపించేదా? సిగ్గుండల్ల!" సరే, నిజం వాన కోసమే కాచుకున్నాం. నీ గుండె ఆ ఎండాకాలం కూడా దాటలేదు. ఎందుకప్పా అంత తొందర...

వాన వచ్చింది ఖాజా. శ్రావణం పోయినాక వచ్చింది. మబ్బు పట్టిందని తెలిసి ముందురోజే పోయి అవ్వ ఇంట్లో పడుకున్నాను. అదే చీర కట్టుకుంది. నువ్వు గుర్తుకు పెట్టిన రాయి దగ్గరే నిలబడింది. కెమెరాకు పట్టా కప్పి, నువ్వు చెప్పిన ఫ్రేమే పెట్టాను. చినుకులు పెద్దవయ్యాయి. నల్లమట్టి వాసన లేచింది.

ఆమె పైకి చూడలేదు.

లెన్స్ పక్కకు చూస్తా ఉంది. కిందికి... నువ్వు కూర్చునే చోటికి. తల మీది నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకోలేదు. అట్లాగే చూస్తా ఉంది. "కానీమ్మా" అని ఒక్క మాట నేను అంటే సరిపోయేది. నోరు తెరిచాను. అది నీ మాట, అనలేకపోయాను. చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది, లేవలేదు. వాన వెలిసిపోయింది.

ఎందుకవ్వా చూడలేదని అడిగితే, "ఆ యప్ప చెప్పల్ల గదా నాయనా" అంది. అనేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇద్దరం ఆ బురదలోనే కూలబడ్డాం.

ప్రొడ్యూసర్ చూశాడు. "ఆకాశం యాడప్పా?" అన్నాడు. ఇంకో వాన దాకా ఆగడంట. కంప్యూటర్లో ఆకాశం అతికిస్తాడంట. నమూనా కూడా చూపించాడు... నీ ఫ్లెక్సీలో ఉన్నట్టే ఉంది. చేతులు పట్టుకుని బతిమాలాను. సినిమా ఆయనది, నా మాట ఎవరికి కావాలి? జనం చప్పట్లు కొడతారు కూడా. మరి బండెక్కి, వాకిళ్ళు మూసి, మనం పడిన పాట్లన్నీ దేనికి? ఎవరికోసం?

"ఆయనకు ఈ సంగతి చెప్పొద్దన్నా" అంది మీ ఇంటామె షమీనా. నువ్వు యాడనో వింటావని ఇంకా అనుకుంటోంది. నేను మాత్రం ఇంకెవరికి చెప్పుకోను?

ఆ తర్వాత చుక్క లేదు. ఆ ఒక్క వాన పదును నమ్మి అవ్వ కంది వేసింది. మొలిచింది, ఎండింది. ఇప్పుడు ఆమె కూడా పైకి చూడటం మానేసింది.

నేను తీసిన షాట్ నా దగ్గరే ఉంది. అందులో నేల, వాన, ఆమె, అంతే. వాళ్ళేం అతికించుకున్నా సరే, నా చేత్తో నేను కెమెరా ఎత్తను.

ఎత్తమని నువ్వు చెప్పల్ల గదప్పా.

నీ ఓబులేసు