టీవీ పెట్టెకు చెప్పని పాస్‌వర్డ్

సెల్విన్ ఇంజినీరు లేచినాక చదవాల్సింది.

టీవీ పెట్టెను మళ్లీ విప్పొద్దు, దానికి ఏ రోగమూ లేదు. శుక్రవారం కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చింది నువ్వే. పెట్టె పాపం ఇంకా పాతదే చెప్పి, కంప్యూటర్‌లో మీ నాన్సీ అత్త పాడిన పాటలున్న ఫోల్డర్ గుమ్మంలో గెంటించుకుంటోంది. పెట్టెలో పాతది చెరిపి కొత్తది కొట్టు. చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో పదివేల అడుగుల లోతున, దీపం ఆర్పేసి, ఊడిన చొక్కా గుండీ వెతికి తెచ్చిన మీ తాత దీన్ని గంటలో కనిపెట్టినాడు. నీ డిగ్రీకి రెండు రోజులు చాల్లేదు.

మీ అవ్వ మాత్రం "బిడ్డను ఏమీ అనాకండి, ఇంగ చేసిస్తాడులే" అంటూ ఈ రెండు రోజులూ నీలం తెర ముందరే కూర్చుంది. ఆమె చర్చి నుంచి రాగానే పాట పెట్టు. కూతురు నాన్సీ చనిపోయి ఈరోజుకు ఏడాది.

ఈ చీటీ రాసిపెట్టి మీ తాత ముళబాగిలు బస్సెక్కినాడు. అక్కడ ఆయనకు ఏ పనీ లేదు. ఆ గొంతు వినే ధైర్యం మీ అవ్వకే ఉంది.