బొట్టు పెట్టి పిలవని మనిషి

21 ఫిబ్రవరి 2009, శనివారం

పొద్దున్నే అక్క కుంకుమ భరిణె నా చేతిలో పెట్టి, "పా, పెండ్లికి పిలిచొద్దాం" అంది. గడపగడపకూ వెళ్లి బొట్టు పెట్టి పిలవడం తల్లి చేసే పని. పెండ్లికూతురే తిరగడం నేనెక్కడా చూడలేదు.

బియ్యం చెరుగుతున్న అమ్మ చాట కింద పెట్టింది. "రెండో పెండ్లికి గూడ పిలుపులా? నాచారమంత నవ్వుతరు."

"నవ్వనీయే అమ్మా. నవ్వెటందుకన్నా వస్తరు గద," అంది అక్క.

విడాకులైనప్పుడు అక్కను అందరూ ఎందుకని అడిగారు. "తిన్నవా?" అని అడిగింది ఆమె కంపెనీలో పనిచేసే యాదగిరి ఒక్కడే. గురువారం ఉప్పల్‌లో అతనితోనే పెండ్లి.

మొదటి ఇంట్లో తలుపు తీయలేదు. లోపల టీవీ మాత్రం నడుస్తూనే ఉంది. పక్కింటి సత్తెమ్మత్త బొట్టు పెట్టించుకుంది గానీ, ఎప్పటిలా భరిణె అందుకుని తిరిగి అక్కకు పెట్టలేదు. "మీ అమ్మ వస్తుందా బిడ్డా?" అని అడిగింది.

"రాకెక్కడికి పోతది అత్తా," అని అక్క నవ్వింది. గల్లీ మలుపు తిరిగాక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ తినకుండానే పడుకుని ఉంది. వస్తానని గానీ రానని గానీ ఇప్పటికీ అనలేదు.

కన్నతల్లిని ఎవరూ బొట్టు పెట్టి పిలవరు. అందుకే మేమూ పిలవలేదు. రేపు పొద్దున అమ్మ వాకిలి ఊడ్చి లోపలికి రాగానే భరిణెతో ఎదురు వెళ్తాను. అందరికీ చెప్పినట్టే, "మా అక్క పెండ్లికి తప్పకుండా రావాలె" అంటాను.